ఉండవల్లి గుహల్లో మోహిని: కథకు సలహా కావాలి

విజయవాడలో ఉంటూ తీరిక వేళల్లో కథలు రాసుకునే నేను, కృష్ణకు ఆవలి ఒడ్డునున్న ఉండవల్లి గుహల్లో బౌద్ధ భిక్షువులు వర్షావాసం (వానాకాలంలో మూడు నెలలు ఒకేచోట ఉండిపోవడం) గడుపుతున్నట్లు ఊహించి ఒక కథ మొదలుపెట్టాను. తప్పనిసరి పని ఉంటే తప్ప ఆ మూడు నెలలూ విహారం విడిచి వెళ్లకూడదన్న నియమం ఉంది కనుక, రోజూ ఒకరి భిక్షాపాత్రలో ఒక తడి జాజిపూవు వేసి పోయే మోహిని నుంచి వారికి తప్పించుకునే దారి లేదు. (మొదట మల్లె అని రాస్తే, వానల్లో మల్లెలేమిటని మా అమ్మ నవ్వింది.) బుద్ధుణ్ణి మోహపెట్టజూసిన మారుని కూతుళ్లు తృష్ణ, అరతి, రాగలలో ఒకరిగా ఆమెను చూపితే బుద్ధుని కథకు నకలులా తోస్తోంది, మన పల్లెల మోహినీ పిశాచాన్ని తెస్తే భయం పోయి హాస్యం మిగులుతుందేమోనని జంకుతున్నాను. మీరైతే ఎవరిని ఎంచుకుంటారు? పక్షానికొకసారి భిక్షువులంతా కూడి నియమాలు వల్లించే ఉపోసథానికి ముందు, మోహానికి లొంగిన భిక్షువు తన తప్పును ఎవరి ఎదుట, ఏ మాటలతో ఒప్పుకునేవాడో భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకం చదివినవారు దయచేసి చెప్పగలరా?