తెల్లారేసరికి రెండు కాళ్లూ పడిపోయాయి, పొటాషియం తక్కువన్నారు

ప్రశ్న (కావలి నుంచి):
మా తమ్ముడికి 28 ఏళ్లు, రొయ్యల చెరువుల దగ్గర పని. మొన్న రాత్రి పెళ్లి భోజనం చేసొచ్చి పడుకున్నాడు. తెల్లవారుజామున లేవబోతే రెండు కాళ్లూ కదల్లేదు. గిల్లితే తెలుస్తోంది, మాట, మూతి బాగానే ఉన్నాయి. పక్షవాతమనుకుని ఇంట్లో అందరం ఏడ్చాం. రక్తంలో పొటాషియం 2.1 ఉందన్నారు. మందు ఇచ్చాక సాయంత్రానికి నడిచాడు, ఇంటికి పంపేశారు. ఇక కొబ్బరినీళ్లు తాగిస్తే సరిపోతుందా?

జవాబు (ఒంగోలు నుంచి):
అన్నా, సరిపోదు. థైరాయిడ్ పరీక్ష చేశారా? నాకు మొదటిసారి వచ్చినప్పుడు ఎవరూ చేయలేదు. నాలుగు నెలలకు మళ్లీ పడిపోయాక చేస్తే, థైరాయిడ్ బాగా ఎక్కువగా ఉందని తేలింది.

పొటాషియం మామూలుగా 3.5 నుంచి 5 వరకు ఉండాలి. మన తమ్ముడి విషయంలో అది ఒంట్లోంచి పోయి ఉండకపోవచ్చు, రక్తంలోంచి కండరాల్లోకి దూరి ఉండొచ్చు. థైరాయిడ్ ఎక్కువైతే అలా జరుగుతుంది. అన్నం, స్వీట్లు దండిగా తిన్నప్పుడు ఊరే ఇన్సులిన్ కూడా దాన్ని లోపలికే తోస్తుంది. పగలంతా కష్టపడి, రాత్రి కడుపునిండా తిని పడుకుంటే తెల్లారేసరికి కాళ్లు పడిపోవడం అందుకే. థైరాయిడ్ జబ్బు ఆడవాళ్లలో ఎక్కువైనా, ఈ రకం దాడి ఎక్కువగా 20–40 ఏళ్ల మగవాళ్లకే వస్తుంది. బరువు తగ్గడం, గుండెదడ, చేతుల వణుకు ఉన్నాయేమో చూడండి. అవి లేకపోయినా టీఎస్‌హెచ్, టీ3, టీ4 అనే థైరాయిడ్ రక్తపరీక్షలు చేయించండి.

థైరాయిడ్ బాగుంటే అక్కడితో ఆగొద్దు. వంశపారంపర్య రకం ఉంది. కిడ్నీలో ఆమ్లం సరిగా బయటికి పోకపోవడం, విరేచనాలు, నీరు పోయే మాత్రలు కూడా కారణం కావచ్చు. బీపీ ఎక్కువుంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథి సంగతీ అడగండి.

ఇంకోమాట. కాళ్లు పడిపోగానే నీరసమని ఊళ్లో గ్లూకోజ్ ఎక్కిస్తారు. దాంతో పొటాషియం ఇంకా పడిపోతుంది. పొటాషియం మాత్రలు సొంతంగా మింగించకండి, దాడి తగ్గేటప్పుడు లోపలిది మళ్లీ రక్తంలోకి వచ్చి మోతాదు మించితే గుండె లయ తప్పుతుంది.

ప్రశ్న:
అన్నా, ఆర్నెల్లలో ప్యాంట్లన్నీ వదులయ్యాయి. చెరువు ఎండకు అనుకున్నాం. చేతులూ వణుకుతున్నాయి.

జవాబు:
అయితే ఇవాళే వెళ్లండి. పాత రిపోర్టు, ఈసీజీ కాగితం వెంట ఉంచుకోండి. మందు కుదిరేదాకా రాత్రిళ్లు అన్నం కొంచెమే పెట్టండి, బరువులు ఎత్తనివ్వకండి. మళ్లీ కాళ్లు పడినా, ఊపిరి ఆడకపోయినా, మింగలేకపోయినా, ఒక పక్కే చచ్చుబడినా 108కి చేయండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తుంటాను.