వాక్యం చిన్నగా ఉంటేనే చదవడం సులువా? నేను ఒప్పుకోను

కలంపోటు:
ఎవర్ని అడిగినా ఒకటే మాట, వాక్యం 10 పదాలు దాటకూడదు అని. ఇది చూడండి: "పొద్దున్నే లేచి, తలుపు తీసి, గుమ్మంలో పడున్న పేపరు తెచ్చుకుని, కుర్చీలో కూలబడి, మొదటి పేజీ చూడగానే గుండె ఆగినంత పనైంది." 16 పదాలు, ఎక్కడైనా తడబడ్డారా? ఇప్పుడిది: "అతను నిన్న ఇచ్చిన పుస్తకంలో ఉన్న బొమ్మ గీసిన ఆవిడ రాసిన ఉత్తరం దొరికింది." 11 పదాలే, కానీ వెనక్కెళ్ళి మళ్ళీ చదవాల్సొస్తుంది. మొదటిదాంట్లో ఒక్కో పని అక్కడికక్కడే అయిపోతుంది. రెండోదాంట్లో అతను, పుస్తకం, బొమ్మ, ఆవిడ, అన్నిట్నీ మోసుకుంటూ చివరిదాకా నడవాలి, మన భాషలో క్రియ వచ్చేది ఆఖర్న కదా. ఇబ్బంది ఆ మోతతోనే, పొడుగుతో కాదు.

అచ్చుతప్పు:
బాగుందండీ, కానీ అందరికీ అలా కుదరదు. నేను రోజూ అనువాదాలు దిద్దుతా, పొడుగు వాక్యం రాయనిస్తే కర్త ఒకటి, క్రియ ఇంకోటి అయిపోతోంది, పైగా "మొక్కలు వాళ్ళచేత నాటబడ్డాయి" లాంటివి. చిన్నగా రాయమంటేనే దారికొస్తున్నారు.

వాడుకమాట:
నాకైతే పొడుగు కన్నా మాటలే ముఖ్యం. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం అంత పోరాడారు, ఆయన పుట్టిన ఆగస్టు 29నే తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం, అయినా "ఎల్లరూ గమనించవలసిందిగా విజ్ఞప్తి" అని రాయడం మానలేదు. "అందరూ చూడండి" అంటే ఏం పోయింది?

కలంపోటు:
అచ్చుతప్పు గారూ, మీరు చెప్పిన మొక్కల వాక్యం 3 పదాలేనండీ! అంత చిన్నదైనా నోరు తిరగట్లేదు, "వాళ్ళు మొక్కలు నాటారు" అన్నా 3 పదాలే, హాయిగా ఉంది. అసలు అన్నీ చిన్నవే అయితే ఎలా ఉంటుందో చూడండి: "అతను వచ్చాడు. కూర్చున్నాడు. నీళ్ళు తాగాడు. వెళ్ళిపోయాడు." ఇలా ఒక పేజీ చదవగలరా? "వచ్చి కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళిపోయాడు" అంటే మనిషి కళ్ళముందు కదుల్తాడు. రాసింది పైకి చదివించండి, ఎక్కడ ఊపిరి అందకపోతే అక్కడ విరవమనండి.

అచ్చుతప్పు:
పైకి చదివించడం నేనెప్పుడూ చెయ్యలేదు, రేపే మొదలుపెడతా. మరి ఆ ఉత్తరం వాక్యాన్ని మీరైతే ఎలా రాస్తారు?

కలంపోటు:
"అతను నిన్న ఒక పుస్తకం ఇచ్చాడు, అందులో ఒక బొమ్మ ఉంది, ఆ బొమ్మ గీసినావిడ రాసిన ఉత్తరమే ఇప్పుడు దొరికింది." ఇవీ 16 పదాలే.