అప్‌డేట్: ఎలక్ట్రోడ్, లేజర్ ఒకేసారి వాడితే ఎలా అని అడిగాను కదా

ఎలుక మెదడులో ఎలక్ట్రోడ్‌తో రికార్డింగ్, లేజర్ మైక్రోస్కోపుతో కాల్షియం ఇమేజింగ్ (కణాల్లో కాల్షియం పెరిగినప్పుడు వచ్చే వెలుగును బొమ్మ తీయడం) ఒకేసారి చేస్తే, లైటు వల్ల సిగ్నల్ పాడవదా అని అడిగాను. కావలి పీజీ సెంటర్‌లో నా సెమినార్ అయిపోయింది. జవాబులిచ్చిన అన్నలకు, మేడమ్‌కు చాలా థాంక్స్.

రెండూ ఎందుకన్న ప్రశ్న ముందే వచ్చింది. న్యూరాన్ స్పైక్, అంటే మెదడు కణంలో పుట్టే విద్యుత్ పల్స్, దాదాపు ఒక మిల్లీసెకనులో ముగుస్తుంది. ఇమేజింగ్‌లో వాడే, కాల్షియం తగిలితే మెరిసే జీక్యాంప్ ప్రొటీన్ వెలుగు మాత్రం వందల మిల్లీసెకన్ల పాటు ఉండిపోతుంది. అందుకే సరైన సమయం ఎలక్ట్రోడ్ చెబితే, ఏ కణమో బొమ్మ చూపిస్తుంది.

అసలు చిక్కు ఎలక్ట్రోడ్ లోహం దగ్గరే, దాని మీద లైటు పడితే దొంగ సిగ్నల్ పుడుతుంది. మీరు చెప్పినట్టే ఎర్ర ఎల్ఈడీ కాళ్లకు మల్టీమీటర్ తగిలించి, దాని మీద సెల్ టార్చ్ వేశాను. రీడింగ్ పైకి లేచింది, చెయ్యి అడ్డం పెట్టగానే పడిపోయింది. లోహపు ఎలక్ట్రోడ్‌లో జరిగేది అచ్చం ఇదే కాదు. కానీ వెలుతురు కూడా వోల్టేజీగా కనిపించగలదని వెనక బెంచీల వాళ్లకీ అర్థమైంది.

ఉప్పునీళ్లలో అదే ఎలక్ట్రోడ్ మీద లైటు వేసి చూడమన్న సలహా నాకు అన్నిటికంటే నచ్చింది. అక్కడ న్యూరాన్లే లేవు, అయినా సిగ్నల్ వస్తే అది మెదడుది కాదన్నమాట! 2014లో వచ్చిన పారదర్శక గ్రాఫీన్ (కార్బన్ పరమాణువుల పలుచటి పొర) ఎలక్ట్రోడ్లు ఈ బాధను బాగా తగ్గించాయి, పైగా వాటి కిందున్న కణాలు కూడా కనిపిస్తాయి.

స్లైడ్లు తెలుగులోనే చేశాను. కావాల్సినవాళ్లు అడగండి, పంపిస్తాను.