పదో తరగతి సెలవులు: బ్రిడ్జ్ కోర్సుకు పంపాలా, పిల్లల ఇష్టానికి వదలాలా?

ఎంవీపీ కాలనీ అమ్మ:
మా అబ్బాయి పదో తరగతి పరీక్షలు రాశాడు. ఇంటర్‌కి మాట్లాడుకున్న కాలేజీ వాళ్లు ఇప్పటి నుంచే బ్రిడ్జ్ కోర్సుకు రమ్మంటున్నారు, పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా. వాడేమో మన విశాఖ ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్తాను, బొమ్మలు వేసుకుంటాను అంటున్నాడు. రెండు నెలలు వదిలేస్తే జేఈఈలో వెనకబడతాడని మా ఆయనకు టెన్షన్. పంపాలా, వద్దా?

గాజువాక నాన్న:
పంపండి మేడమ్. మా ఇంట్లో ఇద్దరం ఉద్యోగాలకు వెళ్తాం, నాది షిఫ్టు డ్యూటీ. పిల్ల ఒక్కతే ఉంటే చేతిలో ఉండేది పుస్తకం కాదు, ఫోను. పైగా మా అమ్మాయిది తెలుగు మీడియం. న్యూటన్ నియమాలు గడగడా చెప్పే పిల్ల, అవే ఇంగ్లీషులో వినేసరికి బెదిరిపోతోంది. ఆ భయం ముందే పోగొడితే తప్పేముంది? హాబీలు ఎక్కడికీ పోవు.

ఇంటర్ ఫిజిక్స్ మాస్టారు:
మీడియం మారే పిల్లలకు సాయం కావాలి, అన్నగారి మాట నిజమే. దానికి రోజుకు ఆరు గంటలు ఎందుకండీ? బ్రిడ్జ్ కోర్సులో చెప్పే యూనిట్లు, డైమెన్షన్లు, వెక్టర్లు జూన్‌లో మళ్లీ మొదటి నుంచి చెబుతాం. ముందే విన్నవాళ్లు "ఇది మాకు వచ్చు" అని వినడం మానేస్తారు.

నాకు క్లాసులో కనిపించే లోటు వేరు. ఫార్ములాలన్నీ నోటికి వచ్చిన పిల్లవాడు కూడా ఐదు లైన్ల ప్రశ్న ఇస్తే మూడో లైనులోనే ఆగి ఆప్షన్లు చూస్తాడు. ఏం ఇచ్చారో, ఏం అడిగారో చదివి పట్టుకోలేడు. పరీక్షతో పని లేకుండా కథలు, నవలలు చదివే అలవాటున్న పిల్లల్లో ఈ ఇబ్బంది బాగా తక్కువ. అంతసేపు కుదురుగా చదివే ఓపిక నేర్పే తీరిక కాలేజీలో మాకు ఉండదు. ఇంటర్‌లో చేరాక ఏడాది చివర బోర్డు పరీక్షలు, రెండో ఏడు జనవరిలో, ఏప్రిల్‌లో జేఈఈ, మేలో ఈఏపీసెట్. మళ్లీ ఇంత ఖాళీ ఎప్పుడు దొరుకుతుంది వాడికి?

ఇక బొమ్మలకు మన ఊళ్లో ఏం తక్కువ? చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవలకు వేట నిషేధం. ఆ 61 రోజులూ ఫిషింగ్ హార్బర్ నిండా పడవలే. వలలు బాగుచేసుకుంటారు, పడవలకు రంగులు వేసుకుంటారు. పొద్దున్నే నాన్నతో వెళ్లి గీసుకోనివ్వండి. బీచ్ రోడ్డులో కురుసుర ఉంది, 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసిన సబ్‌మెరైన్, 2002లో మ్యూజియం చేశారు. ట్యాంకుల్లోకి నీళ్లు వదిలితే మునగడం, గాలితో ఆ నీళ్లు బయటికి తోస్తే తేలడం. దాని లోపల తిరుగుతూ ఈ సంగతి తెలుసుకున్నవాడికి ఆర్కిమెడిస్ సూత్రం బట్టీ పట్టాల్సిన పని ఉండదు. సముద్రంలోకి మాత్రం దిగనివ్వకండి, ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి.

ఏయూ విద్యార్థిని:
హాబీ పేరుతో ఇంకో టైమ్‌టేబుల్ వేయకండి ఆంటీ. నన్ను ఒకే వేసవిలో కీబోర్డు, అబాకస్, స్పోకెన్ ఇంగ్లీషు మూడింటికీ తిప్పారు. ఒక్కటీ ఒంటబట్టలేదు. అమ్మమ్మగారింట్లో పాత వారపత్రికల్లో చదివిన సీరియళ్ల వల్లే నాకు తెలుగు రాయడం వచ్చింది. ఎన్ని పేజీలయ్యాయి, ఏం నేర్చుకున్నావు అని రోజూ అడగొద్దు, ప్లీజ్.

గాజువాక నాన్న:
మాస్టారూ, హార్బర్‌కి తీసుకెళ్లే తీరిక ఉన్న తండ్రులకు మీ మాట బాగానే ఉంటుంది. మాకు దగ్గర్లో లైబ్రరీ లేదు. ఈ ఎండల్లో ఆడపిల్లను ఒక్కదాన్నే సిటీ బస్సులో ద్వారకానగర్ పంపలేను.

ఇంటర్ ఫిజిక్స్ మాస్టారు:
అది కాదనలేను. అయితే కాలేజీ వాళ్లను ఒంటిపూట చేయమని అడగండి, ఎనిమిది నుంచి పదకొండు. ఒక్కరు అడిగితే వినరు, నలుగురు తల్లిదండ్రులు కలిసి వెళ్తే వింటారు. మా దగ్గర అలాగే ఒప్పుకున్నారు. ఆదివారం మీరే పాత పుస్తకాల షాపుకి తీసుకెళ్లి, అమ్మాయి ఏరుకున్నవే కొనండి. మీకు నచ్చినవి కాదు.

ఎంవీపీ కాలనీ అమ్మ:
మేం సోమవారం వెళ్లి ఒంటిపూట అడుగుతాం. ఒప్పుకోకపోతే జూన్‌లోనే చేరుస్తాం. మా ఆయన్ని ఒప్పించే పని నాది.

గాజువాక నాన్న:
నేనూ అడిగి చూస్తాను. కాదంటే మాత్రం పూర్తి కోర్సుకే పంపుతాను మేడమ్. మధ్యాహ్నం నుంచి పుస్తకాలు చదువుకోమంటాను.