ఒరాకిల్ డీబీఏని, ఆర్‌డీఎస్‌కి మారాక మొదట ఏం నేర్చుకోవాలి?

11 ఏళ్లుగా ఒరాకిల్ డీబీఏగా, అంటే డేటాబేస్‌లు చూసుకునే అడ్మిన్‌గా చేస్తున్నాను. మా కంపెనీ మొన్ననే డేటాబేస్‌లన్నీ అమెజాన్ క్లౌడ్ డేటాబేస్ సర్వీస్ ఆర్‌డీఎస్‌కి మార్చింది. సర్వర్‌లోకి లాగిన్ లేదు, సిస్‌డీబీఏ (డేటాబేస్ మీద పూర్తి అధికారం) లేదు. కదలకుండా ఆగిపోయిన సెషన్ (యూజర్ కనెక్షన్) ఒకటి తీసేద్దామని ఆల్టర్ సిస్టమ్ కిల్ కమాండ్ కొడితే పర్మిషన్ లేదంది. దానికి ఆర్‌డీఎస్ అడ్మిన్ ప్యాకేజీ వాడాలని అరగంటకి గానీ తెలియలేదు.

బ్యాకప్‌లు వాటంతటవే అయిపోతున్నాయి, 35 రోజుల దాకా ఉంచుకోవచ్చు. రాత్రి రెండింటికి ఆర్‌మ్యాన్ (ఒరాకిల్ బ్యాకప్ టూల్) ఫెయిలైందని ఫోన్ రావట్లేదు, హాయిగానే ఉంది. కానీ రీస్టోర్ చేస్తే పాతదాని మీద కాదు, కొత్త ఇన్‌స్టెన్స్‌గా, అంటే వేరే డేటాబేస్ సర్వర్‌గా వస్తుంది. అప్లికేషన్ వాళ్లకి కొత్త ఎండ్‌పాయింట్ (కనెక్ట్ అయ్యే అడ్రస్) ఇవ్వాలి. స్లో క్వెరీలు, ఇండెక్సులు ఎలాగూ నావే, ఇప్పుడు నెల బిల్లు కూడా నా నెత్తినే.

ఇలా మారినవాళ్లు ముందు ఏది పట్టుకున్నారు, టెర్రాఫామా (క్లౌడ్ సెటప్‌ని కోడ్‌తో చేసే టూల్), పోస్ట్‌గ్రెసా (ఇంకో డేటాబేస్)? రెండూ ఒకేసారి నా వల్ల కాదు.