వెతకబోయిన తీగ, కాకతాళీయం ఒకటేనా?

కొబ్బరాకు: పెద్దలకి నమస్కారం అండి. యూంగ్ అని స్విట్జర్లాండ్ సైకాలజీ డాక్టరు 1952లో సింక్రానిసిటీ మీద రాశాడు కదా, అందులో ఆయన దగ్గర వైద్యానికొచ్చిన ఒకావిడ కలలో తనకెవరో బంగారు పేడపురుగు నగ ఇచ్చారని చెప్తా ఉంటే వెనకాల కిటికీ అద్దానికి టకటకా ఏదో కొట్టుకుందంట, తీసి పట్టుకుంటే ఇంచుమించు ఆ నగలోదానిలాంటి పురుగే, పచ్చగా బంగారంలా మెరుస్తా. ఒకదానివల్ల ఇంకోటి జరగలేదు, అయినా చూసినోళ్ళకి రెండింటికీ ఏదో పొత్తు కనపడతది. ఈ సింక్రానిసిటీని తెలుగులో కాకతాళీయం అనేస్తే సరిపోద్దా?

లంకమాస్టారు: సరిపోదండి. ఇప్పుడు ఆ మాట వాడేదే పొత్తు లేదని కొట్టిపారెయ్యడానికి, కాకి వాలింది తాటిపండు రాలింది, అక్కడితో సరి. పాత వ్యాకరణం వాళ్ళది ఇంకా ఘోరం లెండి, పాణిని సూత్రానికి కాశిక అనే పాత వ్యాఖ్యానంలో చెప్పిన లెక్కన ఆ పండు పడి కాకి చచ్చిపోద్ది, అందులో ఉదాహరణకి చెప్పిన దేవదత్తుడికి దొంగలు ఎదురై ప్రాణం పోయినట్టు. తర్వాతోళ్ళు జాలిపడి కాకిచేత పండు తినిపించారు. శ్రావణ భాద్రపదాల్లో మా కాలవగట్టున నడిచి చూడండి, కిలో పైన తూగే పండు పక్కనే దబ్బుమని పడితే మీరూ కాశిక పక్షమే అవుతారు. (తాటిపాక ఊరి వాళ్ళకి ఈ మాట మీద సర్వహక్కులూ ఇచ్చెయ్యాలని నా అభిప్రాయం, ఆయ్.)

కొబ్బరాకు: మరి శకునం? రుణానుబంధం?

లంకమాస్టారు: శకునం ముందుకి చూస్తాదండి, బల్లి పలికిందంటే ఇక జరగబోయేదాని గురించే. రుణానుబంధం వెనక్కి చూస్తది, పోయిన జన్మ బాకీ. రెండూ కారణం చెప్పేస్తున్నాయి, యూంగ్ వద్దన్నది దాన్నే. నన్నడిగితే ఆయనకి దగ్గరగా వచ్చేది వెతకబోయిన తీగ కాలికి తగలడం. ఎందుకంటే అందులో వెతకడం అనేది మనిషి లోపల ఉంది, తీగ బయట ఉంది, ఒకదానికోసం ఇంకోటి రాలేదు. మా బాబాయి సంగతే చూడండి, కొబ్బరి దింపుకి మనుషులు దొరక్క ఫోన్లు చేసి చేసి విసిగిపోయి సఖినేటిపల్లి రేవులో నరసాపురం పంటు (మనుషుల్నీ బళ్ళనీ ఏరు దాటించే పడవ) ఎక్కాడు, పక్కన ఆపిన బండి హేండిల్‌కి చెట్టెక్కే తాడు బందం, సంచిలోంచి కత్తి పిడి బయటికొచ్చి కనపడతన్నాయి, వశిష్ఠ గోదావరి దాటేలోపు బేరం కుదిరిపోయింది. అదే బండి అంతకుముందు ఎన్నిసార్లు పక్కన ఆగిందో ఎవడికి తెలుసు, అప్పుడు ఈయనకి దింపు గొడవ లేదు కాబట్టి తాడు తాడులాగే ఉండి ఉంటది. వెతకనోడికి తీగ కాలికి తగిలితే తిట్టుకుంటా పోతాడు తప్ప దొరికిందనడు కదా. సామెతలో అసలు కీలకం ఆ ‘వెతకబోయిన’ దగ్గరే ఉంది, అది తీసేస్తే మిగిలేది కాకీ తాటిపండే.

లెక్కలపంతులు: మాస్టారండీ, మధ్యలో వస్తున్నా. ఇరవైముగ్గురు ఒకచోట ఉంటే అందులో ఏ ఇద్దరిదో పుట్టినరోజు ఒకటే అవడానికి సగానికి కాస్త ఎక్కువే అవకాశం, వినేవాళ్ళు నమ్మరు గానీ లెక్క అదే. ఇక కోనసీమ జనం ఎక్కిన పంటులో దింపు మనిషి ఉండటం వింతేంటండి, లేకపోతే వింత గానీ. వెతికి దొరకని రోజుల మీద ఎవడూ సామెత కట్టడు.

లంకమాస్టారు: లెక్కకి నేను అడ్డు రానండి, మీరన్నది పంటులో వాడు ఎందుకున్నాడు అన్నదానికి జవాబు. ఆ రోజు బాబాయికి వాడు ఎందుకు కనపడ్డాడు అన్నది నేను చెప్పేది. రెండూ ఒకదాన్నొకటి కాదనవు. కాకపోతే యూంగ్ మీ జవాబుతో ఊరుకోడు, ప్రకృతిలోనే అలాంటి కలయిక ఒకటి ఉందంటాడు, అక్కడికి మాత్రం నేనూ ఆయన వెంట వెళ్ళను.

కొబ్బరాకు: మా మామ్మ ఇదే సామెత ‘కాలికి చుట్టుకుంది’ అనేదండి. తగలడం అంటే తోసుకుని పోవచ్చు, చుట్టుకుంటే ఆగి వంగి చూడాల్సిందే కదా, ఆ పంటు బేరానికి ఇదే బాగా కుదురుతాదేమో?

లంకమాస్టారు: బాగుందండి, మా ఇంట్లో మాత్రం ఇది వినలేదు. మామ్మగారిది ఏ ఊరు?