చక్రాల కెమెరా బ్యాగు మన ఊళ్ల పెళ్లిళ్లకు పనికొస్తుందా?

పాలకొండ రోడ్డు:
శ్రీకాకుళంలో పన్నెండేళ్ల నుంచి పెళ్లి ఫోటోలు తీస్తున్నాను. మాఘమాసం సీజన్ ముందు పద్నాలుగు వేలు పెట్టి ఆన్‌లైన్‌లో చక్రాల బ్యాగు తెప్పించుకున్నాను. రెండు కెమెరా బాడీలు, రెండు జూమ్ లెన్సులు, ఫ్లాష్‌లు, ఛార్జర్లు అన్నీ కుదురుగా పట్టాయి. ఆ సంతోషం నాలుగు పెళ్లిళ్ల వరకే. సంతకవిటి దగ్గర ఒక పల్లెలో కారు ఊరి మొదట్లోనే ఆగిపోయింది. పందిరికి గడ్డికుప్పల పక్కనుంచి దారి, బోరు నీళ్లకి అంతా తడిసి ఉంది. గడ్డిపరకలు ఇరుసుకి చుట్టుకుని, వాటి మీద బురద పట్టి, చక్రం బిగుసుకుపోయింది. ముహూర్తం టెన్షన్‌లో చూసుకోకుండా అలాగే ఈడ్చుకుపోయాను. తెల్లారి చూస్తే చక్రం ఒక పక్క అరిగి పలకలా అయిపోయింది. కంపెనీకి ఫోటోలు పంపితే, చక్రాలు, జిప్పులు, పిడి వాడుకలో అరిగేవి కాబట్టి వారంటీ వర్తించదని రెండు లైన్ల మెయిల్ వచ్చింది.

నా మాట ఒక్కటే. మన పల్లెలకి చక్రాల బ్యాగు దండగ. ఆ డబ్బుతో మంచి వీపు బ్యాగు కొనుక్కోవడం మేలు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి.

గంటస్తంభం:
మాస్టారూ, నేను కాదంటాను. విజయనగరంలో నాదీ అదే పని. బరువు ఒకసారి లెక్కేయండి. కెనాన్ ఫైవ్ డీ మార్క్ ఫోర్ బాడీ బ్యాటరీతో 890 గ్రాములు, రెండైతే 1,780. 24-70 జూమ్ లెన్సు రెండో వెర్షన్ 805, 70-200 జూమ్ లెన్సు రెండో వెర్షన్ 1,490. ఇక్కడికే నాలుగు కిలోలు దాటింది. ఫ్లాష్‌లు, బ్యాటరీలు, ఛార్జర్లు, ఖాళీ బ్యాగు బరువు కలిపితే పది కిలోల దరిదాపుల్లోకి వెళ్తుంది. రాత్రి ముహూర్తానికి స్నాతకం నుంచి అప్పగింతల దాకా అది వీపున ఉంటే ఏమవుతుందో నాకు తెలుసు. డిస్క్ సమస్య వచ్చి నెలన్నర మంచం దిగలేదు. మూడు పెళ్లిళ్లు వేరేవాళ్లకి అప్పజెప్పాల్సి వచ్చింది.

మీ బ్యాగు చెడ్డది కాదు, దాని చక్రం చెడ్డది. నున్నటి గచ్చు మీద దొర్లడానికి పెట్టిన చిన్న గట్టి ప్లాస్టిక్ చక్రం అది. కొనేటప్పుడు బ్యాగు తిరగేసి చూడాలి. ఇరుసుకి అలెన్ స్క్రూ, అంటే తలలో ఆరు పలకల గుంట ఉన్న స్క్రూ ఉంటే చక్రం మార్చుకోవడం పది నిమిషాల పని. రివెట్, అంటే విప్పడానికి రాని మేకు కొట్టి ఉంటే డ్రిల్లుతో తీయాలి. సూట్‌కేసులు బాగుచేసే ఆయన దగ్గర రబ్బరులా మెత్తగా ఉండే పాలీయురెథేన్ ప్లాస్టిక్ చక్రాల జత వేయించుకున్నాను. మజూరీతో కలిపి 450 అయింది. రెండో సీజన్ నడుస్తోంది.

పాలకొండ రోడ్డు:
నాది రివెట్టే. సరే, మార్పిస్తాను. కానీ తమ్ముడూ, మీకు కల్యాణ మండపాలు ఎక్కువ, నాకు పదిలో ఏడు పల్లె పెళ్లిళ్లు. మెత్తటి చక్రమైతే మాత్రం గడ్డి చుట్టుకోకుండా ఉంటుందా?

మూడు లాంతర్లు:
ఒక్క మాట. విజయనగరం పైడితల్లమ్మ సిరిమానోత్సవం నాడు చక్రాలూ వద్దు, వీపు బ్యాగూ వద్దు. దసరా వెళ్లిన మంగళవారం ఆ జనంలో వీపున ఉన్న సంచి మన చేతిలో లేనట్టే. జిప్పు ఎవరు తీశారో కూడా తెలియదు. ఒక బాడీ, నడుముకి చిన్న సంచి, అందులో రెండో లెన్సు. సిరిమాను, అంటే పూజారి కూర్చునే పొడవాటి మాను, గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంది కాబట్టి లెన్సు మార్చుకునే వ్యవధి దొరుకుతుంది.

టెక్కలి పక్షులు:
నేను పెళ్లిళ్లు తీయను. తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చే నెలల్లో ప్రతి ఆదివారం అక్కడే ఉంటాను. వీపు బ్యాగు తప్ప నాకు వేరే దారి లేదు. అయినా వీపు బ్యాగు కొంటే ఇక బెంగ లేదనుకోవద్దు.

ఏడేళ్ల కింద పేరున్న బ్యాగు కొన్నాను. రెండేళ్లు బీరువా పైన ఉండిపోయింది. తీసి చూస్తే లోపలంతా జిగట. వేలు పెడితే అంటుకుంటోంది, పులిసిన వాసన. పూత పొట్టులా రాలి లెన్సు మూత మీద, కెమెరాకి బిగించే మౌంటు అంచుల్లో కూడా చేరింది. నీళ్లు దిగకుండా బట్టకి లోపల వేసే పాలీయురెథేన్ పూత తేమకీ వేడికీ విరిగిపోతుందట. వాడకపోయినా సరే, గాలి ఆడకుండా దాస్తే ఇంకా తొందరగా పోతుంది. సముద్రం పక్క జిల్లా మనది. ఈ పూత ఉన్న బ్యాగుకి ఎంత ఖరీదు పెట్టినా ఇది తప్పదు.

అందుకే బ్యాగు మోయడానికే తప్ప లెన్సులు దాచడానికి వాడకండి. తేమ 60 శాతం దాటి అలాగే ఉంటే అద్దం మీద ఫంగస్ పడుతుంది, అది పూతని తినేస్తే తుడిచినా మచ్చ పోదు. నేను గట్టిగా మూసుకునే ప్లాస్టిక్ డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ గుళికలు అరకిలో, చిన్న తేమ మీటరు పెట్టుకున్నాను. ముల్లు 40, 50 మధ్య ఉంటే చాలు. నీలం గుళికలు గులాబీ రంగుకి తిరిగితే మళ్లీ వేడిచేసి వాడుకోవచ్చు. కానీ ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్, విషం. వంట గిన్నెలో వేడిచేయొద్దు, దయచేసి. రంగు నారింజ నుంచి ఆకుపచ్చకి మారే రకం దొరికితే అది తీసుకోండి.

రాజాం లైట్లు:
అన్నా, మీరందరూ కెమెరా బ్యాగు గురించే రాస్తున్నారు. నేను లైట్లు పట్టుకునే అసిస్టెంట్‌ని, ఎనిమిదేళ్ల నుంచి. చక్రాల బ్యాగు దండగ అన్నప్పుడు ఆ బరువు ఎవరి మీదకి వస్తుందో కూడా చెప్పండి. మీరు పందిట్లోకి ఒక బాడీ మెడలో వేసుకుని వెళ్లిపోతారు. మిగతాదంతా మాతోనే వస్తుంది. స్టాండ్లు నాలుగు, వెలుగుని మెత్తబరిచే సాఫ్ట్‌బాక్సులు రెండు, ఎల్ఈడీ లైట్లు, ట్రైపాడ్, ఎక్స్‌టెన్షన్ బాక్సు. కెమెరాకి పద్నాలుగు వేల బ్యాగు, వీటికి మాత్రం సన్నటి పట్టీ ఉన్న రెగ్జిన్ సంచి. ఎడమ భుజం మీద ఆ పట్టీ ఒరిసి నల్లటి చార పడింది, సీజన్ అయిపోయినా పోదు.

ఒక మండపంలో రెండో అంతస్తు ఎక్కుతుంటే సంచి అడుగు కుట్టు విడిపోయింది. లైటు మెట్ల మీద దొర్లింది. ఆ రోజు కూలిలో మూడు వందలు కోసుకున్నారు. కుట్టు వదిలేస్తోందని అంతకు ముందు రెండుసార్లు చెప్పాను.

నా ఓటు చక్రాలకే, కానీ బ్యాగుకి కాదు, బండికి. మడత పెట్టే సామాన్ల బండి దొరుకుతుంది. చక్రాలు అరచేతంత ఉండాలి, రబ్బరు తొడుగు ఉండాలి. సాగే తాళ్లతో సంచులు కట్టేస్తే గడ్డిలో కూడా లాగొచ్చు. గడ్డి చుట్టుకున్నా చక్రం బయటే కనబడుతుంది, చేత్తో తీసేయొచ్చు. బ్యాగు చక్రం అలా కాదు, సగం లోపలికి ఉంటుంది, అక్కడ వేలు పట్టదు.

బొబ్బిలి:
తమ్ముడు చెప్పింది నిజం. మూడు వందలు కోయడం అన్యాయం. సంచి యజమానిది, కుట్టు పోయిందని తెలిసీ మార్చనిది యజమాని.

పాలకొండ రోడ్డు గారూ, మీ వారంటీ సంగతి. మెయిల్ వచ్చింది కదా అని వదిలేయకండి. ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చెప్పండి. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయొచ్చు, కంపెనీ ఊరికి వెళ్లక్కర్లేదు. ఐదు లక్షల లోపు సరుకుకి ఫీజు లేదు. వ్యాపారానికి కొన్నావు, నువ్వు వినియోగదారుడివి కావు అనవచ్చు వాళ్లు. సొంతంగా పని చేసుకుని బతకడానికే కొన్న వస్తువుకి ఆ మాట చెల్లదని చట్టంలోనే ఉంది. బిల్లు, ఆర్డరు పేజీలో రాసిన వారంటీ షరతు స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. కొనేముందు ఆ పేజీలో చక్రాలకి వారంటీ లేదని రాయలేదంటే మీ వాదనకి బలం.

గంటస్తంభం:
పద్నాలుగు వేల బ్యాగు కోసం కమిషన్ వాయిదాలకి తిరిగితే రెండు పెళ్లిళ్లు పోతాయి, బొబ్బిలి గారూ. హెల్ప్‌లైన్ వరకు సరే. నేనైతే ఇక్కడ దుకాణంలోనే కొంటాను. వెయ్యి ఎక్కువైనా పర్లేదు, జిప్పు నాలుగుసార్లు లాగి, నా సామాను అందులో సర్ది, భుజాన వేసుకుని చూసి మరీ కొంటాను.

బండి మాట మాత్రం బాగుంది. నా నడుం బాగుంటే చాలనుకున్నాను. సామాను దించేవాడి నడుం గురించి నేనూ ఆలోచించలేదు.

పాలకొండ రోడ్డు:
రాజాం తమ్ముడు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. పొద్దున మా కుర్రాడిని పిలిచి భుజం చూపించమన్నాను. ఎందుకన్నాడు, చూపించాడు. చార ఉంది. ఆరేళ్ల నుంచి నా దగ్గరే పని చేస్తున్నాడు.

చక్రాల బ్యాగు పల్లెకి దండగ అన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. చక్రం మార్పించి మండపాలకి వాడతాను. కెమెరాలకి వీపు బ్యాగు, స్టాండ్లకీ లైట్లకీ బండి. లైట్ల సంచికి అడుగున మందపాటి కాన్వాస్ వేయించి, వెడల్పు పట్టీ కుట్టమని టైలర్‌కి ఇచ్చాను. తమ్ముడూ, మీరు చెప్పిన బండి పొడవు ఎంత? మా ట్రైపాడ్ మడిస్తే రెండున్నర అడుగులు, వ్యాన్ వెనక సీటు కింద పట్టాలి.

రాజాం లైట్లు:
మడిస్తే రెండు అడుగుల పైన ఉంటుందన్నా, సీటు కింద పడుతుంది. ట్రైపాడ్ నిలువుగా కట్టండి, తల కిందకి రాకుండా. బండి తీసుకునేటప్పుడు మీ కుర్రాడిని కూడా దుకాణానికి తీసుకెళ్లండి. పిడి ఎత్తు అతనికి సరిపోవాలి.